రిజిస్టరు దగ్గర నుంచి పాఠం మొదలుపెట్టండి: ఎస్‌సీఈఆర్‌టీలకు, సోషల్ టీచర్లకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఎస్‌సీఈఆర్‌టీ (రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి) అధికారులకు, ఉపాధ్యాయ కరదీపికలు రాసే బృందాలకు, హైస్కూళ్లలో సోషల్ చెప్పే సార్లకు, మేడంలకు నమస్కారం.

ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి చరిత్రలో నాజీజం మీద ఒక అధ్యాయం ఏళ్లుగా ఉంటూ వచ్చింది. మన రాష్ట్రాల పుస్తకాల్లోనూ రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలం చెప్పేటప్పుడు ఆ ప్రస్తావన వస్తుంది. బళ్లో దానికి దొరికేది మహా అయితే రెండు మూడు పీరియడ్లు. వెర్సాయ్ సంధి, ద్రవ్యోల్బణం, హిట్లర్ గెలుపు, చివర్లో గ్యాస్ చాంబర్లు, అరవై లక్షల మంది యూదుల చావు. గంట కొడతారు. పిల్లల తలలో మిగిలేది హిట్లర్ ఒక్కడే. కఠినంగా ఉండే హెడ్మాస్టరుని, ఇంట్లో నాన్నని హిట్లర్ అని పిలవడం మనకు మామూలు కాబట్టి, ఆ మిగిలిన హిట్లర్ కూడా కొంచెం క్రమశిక్షణ ఎక్కువైన మనిషిలాగే మిగులుతాడు. అంతమందిని ఎవరు గుర్తించారు, ఎవరు లెక్క రాశారు, ఎవరు ఇంటి నుంచి తీసుకొచ్చారు అన్న ప్రశ్న పుట్టనే పుట్టదు.

ఆ ప్రశ్న పుట్టించాలంటే ఒక్క ఊరి కాగితాలు చాలు. కరదీపికలో మూడు నాలుగు పేజీలు బెల్జియంలోని మెఖెలెన్ ఊరికి, అక్కడి డోసిన్ బ్యారక్స్‌కు కేటాయించమని మా కోరిక. పోలాండ్‌లోని నాజీ సంహార శిబిరం ఆష్విట్జ్‌ను పాఠంలోంచి తీసేయమనడం లేదు. ఆష్విట్జ్ దాకా మనిషి ఎలా చేరాడో చెప్పమంటున్నాం.

బ్రస్సెల్స్‌కూ ఆంట్వెర్ప్‌కూ మధ్య రైలు దారిలో ఉంటుంది మెఖెలెన్. అక్కడి డోసిన్ 1756లో కట్టిన సైనిక బ్యారక్స్: నలుచదరం, మధ్యలో పెద్ద ముంగిలి, లోపలికి ఒకటే ద్వారం. యూదులు ఎక్కువగా ఉన్న రెండు నగరాలకూ దాదాపు సమదూరం, పక్కనే రైలు పట్టాలు. అందుకే బెల్జియం జర్మనీ ఆక్రమణలో ఉండగా, 1942 జులైలో, నాజీ భద్రతా పోలీసులు దాన్ని పోగుచేసే శిబిరంగా ఎంచుకున్నారు. ఆగస్టు 4న మొదటి కాన్వాయ్ (ఒక విడతలో రైలెక్కించి పంపే గుంపు) 998 మందితో బయల్దేరింది. 1944 జులై 31న ఆఖరిది. మొత్తం 28 కాన్వాయ్‌లలో 25 వేల మందికి పైగా యూదులను, 350 మందికి పైగా రోమా, సింతీ (జిప్సీలని పిలిచేవారు) ప్రజలను ఆష్విట్జ్-బిర్కెనౌకు పంపారు. తిరిగొచ్చిన వాళ్లు నూటికి ఐదుగురు.

యుద్ధం తర్వాత ఆ భవనం మళ్లీ సైన్యం చేతికి వెళ్లింది, తర్వాత చాలా భాగం అపార్ట్‌మెంట్లయింది. ఇప్పుడు ఒక భాగంలో స్మారకం, పరిశోధన కేంద్రం ఉన్నాయి. ఎదురుగా 2012లో కొత్త మ్యూజియం కట్టారు. దాని పూర్తి పేరులోనే హోలోకాస్ట్‌తో (నాజీలు జరిపిన యూదుల సామూహిక హత్యాకాండ) పాటు మానవ హక్కులూ ఉన్నాయి. మూడు అంతస్తులకు మూడు అంశాలు: గుంపు, భయం, చావు. గుంపు అనే అంతస్తు మొదట రావడంలోనే ఆ మ్యూజియం ఆలోచన కనిపిస్తుంది. మీ పాఠం వరుస కూడా అలా ఉండొచ్చు. గ్యాస్ చాంబర్ చివర్లో రావాలి, అది కూడా క్లుప్తంగా.

మొదటి పీరియడుకు చార్టు ముక్కలు ఏడు చాలు. ఒక్కో ముక్క మీద ఒక్కో ఉత్తర్వు రాయండి. 1940 అక్టోబరు 28: యూదుడంటే ఎవరో నిర్వచనం, పదిహేనేళ్లు దాటిన ప్రతి యూదుడూ మునిసిపాలిటీ ఆఫీసుకెళ్లి రిజిస్టరులో పేరు రాయించుకోవాలి. 1941 మే: వ్యాపారాలు, ఆస్తులు ప్రకటించాలి. 1941 జులై: గుర్తింపు కార్డు మీద యూదు అన్న ముద్ర. 1941 ఆగస్టు 29: బ్రస్సెల్స్, ఆంట్వెర్ప్, లియేజ్, షార్ల్‌రువా నగరాల్లో తప్ప ఎక్కడా కాపురం ఉండకూడదు, రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఏడు దాకా ఇల్లు కదలకూడదు. 1941 నవంబరు 25: యూదులంతా తప్పనిసరిగా చేరాల్సిన సంఘం ఏర్పాటు. 1941 డిసెంబరు 1: పిల్లలు మామూలు బళ్లకు రాకూడదు. 1942 మే 27: పసుపు నక్షత్రం కుట్టుకోవాలి.

తేదీలు దాచేసి ముక్కలను కలిపి ఇస్తే పిల్లలు చాలామంది నక్షత్రాన్ని ముందు పెడతారు, సినిమాల్లో కనిపించేది అదే కాబట్టి. వరుస సరిచేశాక అసలు పని మొదలవుతుంది. ప్రతి ముక్క కింద ఒకటే ప్రశ్న: ఈ పని చేతులతో చేసింది ఎవరు? రిజిస్టరు రాసింది మునిసిపల్ గుమాస్తా. ముద్ర వేసింది అదే కౌంటరు. బడి నుంచి పేరు కొట్టేసింది ఒక హెడ్మాస్టరు. వీళ్లలో ఎక్కువమంది నాజీ పార్టీ వాళ్లు కాదు, బెల్జియం ప్రభుత్వ జీతగాళ్లు. ఆక్రమణ కాలంలో పాలన ఆగిపోకూడదని, ఉద్యోగాల్లోనే ఉండమని పై అధికారులు చెప్పారు. రెండేళ్ల ముందు ‘కేవలం ఒక రిజిస్టరే కదా’ అని రాసిన పేర్ల నుంచే 1942లో ఇళ్ల చిరునామాలు తీశారు. ఈ ఒక్క సంగతి పిల్లలకు బోధపడితే మిగతా పాఠం దానంతటదే సాగుతుంది.

రెండో పీరియడుకు బ్రస్సెల్స్, ఆంట్వెర్ప్ కథను పక్కపక్కన పెట్టండి. ఒకే దేశం, ఒకే ఆక్రమణ ప్రభుత్వం, ఒకే ఉత్తర్వు. నక్షత్రాలు పంచమన్నప్పుడు ఆంట్వెర్ప్ నగరపాలక సంస్థ పంచింది. బ్రస్సెల్స్ ప్రాంత మేయర్ల తరఫున జూల్ కూల్స్ట్ 1942 జూన్ 5న ఉత్తరం రాసి కుదరదన్నాడు. ఎవరైనా సరే, మనిషి గౌరవాన్ని ఇంత నేరుగా దెబ్బతీసే ఉత్తర్వులో మేం పాలుపంచుకోలేం అన్నది ఆ ఉత్తరం సారం. అప్పుడు జర్మన్లే ఆ పని చూసుకోవాల్సి వచ్చింది. ఆగస్టులో ఆంట్వెర్ప్‌లో వీధులు మూసి ఇళ్లలో చొరబడి పట్టుకెళ్లేటప్పుడు నగర పోలీసులు తోడు వెళ్లారు. ఆగస్టు 28, 29 తేదీల మధ్య రాత్రి అరెస్టులు నగర పోలీసులే చేశారు. సెప్టెంబరు 3న బ్రస్సెల్స్ దాడి జర్మన్లు బెల్జియం పోలీసుల సాయం లేకుండా చేసుకున్నారు. చివరికి ఆంట్వెర్ప్ యూదుల్లో మూడింట రెండొంతుల మందిని తరలించగలిగారు. బ్రస్సెల్స్‌లో ఆ వాటా మూడో వంతుకు కాస్త పైన ఆగింది.

ఇక్కడే చాలా పాఠాలు గాడి తప్పుతాయి, జాగ్రత్త. బ్రస్సెల్స్ మంచిది, ఆంట్వెర్ప్ చెడ్డది అని చెప్పేస్తే పిల్లలు ఇంకో తప్పు నేర్చుకుంటారు. 1940లో రిజిస్టరు రాసిన ఊళ్లలో బ్రస్సెల్స్ కూడా ఉంది. ఆ రెండు సంఖ్యల మధ్య తేడాకు మేయరు ఉత్తరం ఒక్కటే కారణం కాదు. ఆంట్వెర్ప్‌లో యూదులు కొన్ని పేటల్లో కలిసి ఉండేవారు. అక్కడ యూదు వ్యతిరేక సంఘాలు బలంగా ఉండేవి, 1941 ఏప్రిల్‌లోనే ప్రార్థనా మందిరాలకు నిప్పు పెట్టారు. 1942 సెప్టెంబరులో పుట్టిన యూదు రక్షణ కమిటీ పిల్లల్ని దాచే పనిని బ్రస్సెల్స్ కేంద్రంగా నడిపింది, అది ఆంట్వెర్ప్‌లో నిలదొక్కుకునే సరికి చాలామందిని తీసుకెళ్లిపోయారు. కారణాలు నాలుగైదు బోర్డు మీద రాసి, ఏది ఎంత బరువో పిల్లలను వాదించుకోనివ్వండి. తీర్పు మీరు చెప్పనక్కర్లేదు. బెల్జియం ఈ మాట ఒప్పుకోవడానికే చాలా కాలం పట్టింది. సెనేట్ అడిగిన మీదట చరిత్రకారులు 2007లో ఇచ్చిన నివేదిక అధికారుల విధేయతను బయటపెట్టింది. ఆంట్వెర్ప్ మేయరు ఆ ఏడే క్షమాపణ చెప్పాడు. ప్రధాని ఎలియో ది రూపో 2012లో మెఖెలెన్‌లోనే ప్రభుత్వం తరఫున ఆ మాట అన్నాడు.

ఇంకొక్కటి. బెల్జియంలోని యూదుల్లో నూటికి తొంభై మందికి పైగా ఆ దేశ పౌరులు కారు. పోలాండ్ నుంచి, జర్మనీ నుంచి వచ్చి బతుకుతున్నవాళ్లు, ఏ దేశానికీ చెందకుండా పోయినవాళ్లు. మొదట వాళ్లనే తీసుకెళ్లారు. పౌరులను వదిలేస్తున్నారన్న భరోసాతో పెద్దలు కొందరు ఊరుకున్నారు. 1943 సెప్టెంబరు 3 అర్ధరాత్రి పౌరుల ఇళ్ల తలుపులూ తట్టారు. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటనలో 15వ అధికరణం ప్రతి మనిషికీ జాతీయత హక్కు ఉందని ఎందుకంటుందో పిల్లలకు చెప్పాలంటే ఇంతకన్నా మంచి చోటు పుస్తకంలో దొరకదు. సివిక్స్‌లో ఆ ప్రకటన వచ్చినప్పుడు మళ్లీ ఈ పేజీకి రండి.

మూడో పీరియడు కాన్వాయ్ జాబితాది. బ్యారక్స్ గుమ్మం దాటగానే బల్లల వరుస ఉండేది. ఒక బల్ల దగ్గర పేరు రాసుకునేవారు, ఇంకో బల్ల దగ్గర గుర్తింపు కాగితాలు, డబ్బు, నగలు, ఇంటి తాళాలు లాక్కునేవారు. మెడలో దారంతో ఒక అట్టముక్క వేలాడదీసేవారు. దాని మీద కాన్వాయ్ గుర్తు, వరుస సంఖ్య. టైపు మిషన్ల ముందు కూర్చున్నది ఎక్కువగా ఖైదీలే. ఆ జాబితాలు పోలేదు, ఇవాళ స్కాన్ చేసి ఉన్నాయి. ఒక్కో వరుసలో సంఖ్య, ఇంటిపేరు, పేరు, పుట్టిన తేదీ, ఊరు, వృత్తి, జాతీయత. దర్జీ, దర్జీ, తోలుపని, గృహిణి, వజ్రాలు సానపట్టేవాడు, విద్యార్థి. వృత్తి గడి ఖాళీగా ఉన్నచోట పక్కనున్న పుట్టిన తేదీ చూస్తే అది పసిబిడ్డ అని తెలుస్తుంది. 1943 ఏప్రిల్ 19న 1,631 మందితో బయల్దేరిన ఇరవయ్యో కాన్వాయ్‌లో ఇంకా నలభై రోజులు నిండని పాప ఉంది, తొంభై దాటిన ముసలాయన ఉన్నాడు. తూర్పున పని చేయించుకోవడానికి తీసుకెళ్తున్నామన్న మాట అబద్ధమని ఆ రెండు వరుసలే చెబుతాయి. మీరు నోరు విప్పక్కర్లేదు.

ఆ ఇరవయ్యో కాన్వాయ్‌నే బోర్ట్‌మేర్‌బేక్, హాఖ్ట్ ఊళ్ల మధ్య ముగ్గురు కుర్రాళ్లు ఆపారు: యూరా లివ్‌షిట్స్, రొబేర్ మేస్త్రియో, జాఁ ఫ్రాంక్లెమాఁ. ఒక పిస్తోలు, ఎర్ర కాగితం చుట్టిన ఒక లాంతరు, వైర్ కత్తిరించే పట్టకార్లు. వాళ్లు తెరిచిన పెట్టెలోంచి 17 మంది దిగారు. మిగతా పెట్టెల్లో ఖైదీలు తమంతట తామే తలుపులూ కిటికీలూ తీసుకుని దూకారు, అందరూ కలిసి 230 మందికి పైనే. పిల్లలు దీన్ని మరిచిపోరు. కానీ దీంతో పాఠం ముగించకండి. దూకినవాళ్లలో కొందరు కాల్పుల్లో చనిపోయారు, కొందరు మళ్లీ దొరికి తర్వాతి కాన్వాయ్ ఎక్కారు.

జాబితా చదవడంలో జరిగే పొరపాట్లు చాలావరకు అక్కడి నుంచే మొదలవుతాయి. మళ్లీ దొరికినవాళ్ల పేరు రెండు జాబితాల్లో ఉంటుంది. కాబట్టి వరుసల మొత్తం మనుషుల మొత్తం కాదు. వేర్వేరు చోట్ల సంఖ్యలు కొద్దిగా తేడాగా కనిపించడానికి ఇదొక కారణం. అందుకే కరదీపికలో ‘25 వేలకు పైగా’ అని రాయడం మేలు. 1942 అక్టోబరు 31న 16, 17 కాన్వాయ్‌లు ఒకేసారి బయల్దేరాయి, కాబట్టి కాన్వాయ్‌ల లెక్క, రైళ్ల లెక్క ఒకటే అనుకోకూడదు. పెళ్లయిన స్త్రీలు పుట్టింటి పేరుతో ఉంటారు, బెల్జియం రికార్డుల పద్ధతి అది. భర్త ఇంటిపేరుతో వెతికి దొరకలేదంటే బతికిపోయినట్టు కాదు. ఫ్రాన్స్‌కు పారిపోయి అక్కడ దొరికినవాళ్ల పేర్లు పారిస్ దగ్గరి ద్రాన్సీ శిబిరం జాబితాల్లో ఉంటాయి. ఉత్తర ఫ్రాన్స్‌లో రెండు జిల్లాలు బ్రస్సెల్స్‌లోని సైనిక పాలన కింద ఉండేవి, అందువల్ల ఫ్రాన్స్ చిరునామాలవాళ్లు మెఖెలెన్ జాబితాలో కనిపిస్తారు. ఊరి పేరు కూడా జర్మన్ కాగితాల్లో మెఖెల్న్, ఫ్రెంచ్‌లో మలీన్. మూడు పేర్లతోనూ వెతకాలి.

తెలుగులో రాసేటప్పుడు మనకు మాత్రమే వచ్చే చిక్కు ఒకటుంది. వ్యక్తుల పేర్లు తెలుగు లిపిలో మాత్రమే అచ్చేస్తే, ఆసక్తి ఉన్న పిల్లాడు దాన్ని మళ్లీ రోమన్ అక్షరాల్లోకి మార్చి వెతకలేడు. పోలిష్, యిడ్డిష్, జర్మన్ పేర్లకు అసలే నాలుగైదు స్పెల్లింగులుంటాయి. కాబట్టి కరదీపిక చివర ఒక చిన్న పట్టికలో అసలు జాబితాలో ఉన్నది ఉన్నట్టు రోమన్ లిపిలో ఇవ్వండి, అందులో తప్పు కనిపించినా దిద్దకండి. పక్కనే ఆర్కైవ్ ఇచ్చిన రిఫరెన్సు సంఖ్య వేయండి. ఆ సంఖ్య లేని ఏ ఫొటోనూ, ఏ కాగితాన్నీ పుస్తకంలోకి రానివ్వకండి. వాట్సాప్‌లో తిరిగే బొమ్మలను నమ్మొద్దన్న మాట ఇప్పుడు ఇంకా గట్టిగా చెప్పాలి. కృత్రిమ మేధతో తయారు చేసిన ఆష్విట్జ్ బాధితుల బొమ్మలు నిజం ఫొటోలుగా ఫేస్‌బుక్‌లో తిరుగుతున్నాయని ఆష్విట్జ్ స్మారక మ్యూజియం 2025లో హెచ్చరించింది.

ఫొటోల సంగతి వచ్చింది కాబట్టి మ్యూజియంలోని ఫొటోల గోడ గురించి చెప్పాలి. అన్ని అంతస్తులూ ఎక్కుతూ పోయే ఆ గోడ మీద తరలించినవాళ్ల ముఖాలు వేలకు వేలు. ఫొటో దొరకనివారికి నీడలాంటి ఖాళీ ఆకారం ఉంచారు. ఇప్పటికీ కుటుంబాలు ఫొటో పంపితే ఆ ఖాళీ నిండుతుంది. అవి ఎక్కువగా ఎక్కడివంటే, విదేశీయుల మీద నిఘా పెట్టే బెల్జియం పోలీసు శాఖ ఫైళ్లలోవి. దేశంలోకి వచ్చిన ప్రతి పరాయివాడి పేరిట ఒక ఫైలు తెరిచి ఫొటో అంటించారు. అంటే ఇవి శిబిరంలో తీసినవి కావు. ఏళ్ల ముందు, ఉండనివ్వమని దరఖాస్తు పెట్టుకున్నప్పుడు ఇచ్చినవి. కింద ‘శిబిరంలో ఖైదీ’ అని రాస్తే తప్పు. ఆ ముఖాల్లో కొన్ని నవ్వుతూ ఉండటం చూసి పిల్లలు ఎందుకని అడుగుతారు, జవాబు ఇదే.

1944 జనవరి 15 నాటి కాన్వాయ్‌కు అంకె లేదు, జెడ్ అనే అక్షరం ఉంది. రోమా, సింతీ కుటుంబాలను తీసుకెళ్లింది అదే. ఆ జాబితాలో పిల్లలు ఎక్కువ. రోమాల పూర్వీకులు సుమారు వెయ్యేళ్ల కిందట భారత ఉపఖండం నుంచి వెళ్లినవారు, వాళ్ల భాషలో అంకెలు హిందీ అంకెలకు దగ్గరగా వినిపిస్తాయి. పిల్లలకు ఈ సంగతి ఆసక్తి కలిగిస్తుంది, చెప్పండి. అయితే వాళ్లు మనవాళ్లు కాబట్టి బాధపడాలి అన్న దారిలోకి పాఠాన్ని పోనివ్వకండి. పక్కింటి పరాయివాడి కోసం ఎవరు నిలబడ్డారన్నదే ఈ పాఠం.

చేయకూడనివి రెండు. క్లాసులో సగం మందికి పసుపు నక్షత్రాలు అంటించి, మిగతా సగాన్ని పోలీసులను చేసి నాటకం వేయించకండి. ఇది అక్కడక్కడ జరుగుతోంది, ఉద్దేశం మంచిదే. కానీ పిల్లలకు అది ఆటవుతుంది, లేదా అప్పటికే తరగతిలో కులం పేరుతోనో మతం పేరుతోనో వేరుచేయబడుతున్న పిల్లాడికి నిజమైన గాయమవుతుంది. శవాల గుట్టల ఫొటోలూ చూపించకండి. చూసిన పిల్లలు కళ్లు మూసుకుంటారు, మూసుకున్నాక పాఠం వినపడదు. పైగా ఆ మనుషుల్ని హంతకులు చూసినట్టే మనమూ చూపించినవాళ్లమవుతాం. ముఖం, పేరు, వృత్తి, ఊరు చూపించండి.

పోలికల గురించి సార్లకు బెరుకు ఉంటుంది, అది సహజం. హోలోకాస్ట్‌నూ నేటి మానవ హక్కులనూ ఒకే కప్పు కింద ఎలా ఉంచాలన్న దానిమీద ఆ మ్యూజియంలోనే తీవ్రమైన విభేదాలు వచ్చాయి, 2020లో శాస్త్ర సలహా మండలి సభ్యులు పలువురు రాజీనామా చేశారు. మా సూచన ఇది: సంఘటనకు సంఘటనను తూచకండి, పనికి పనిని పోల్చండి. జాబితా రాయడం, పౌరసత్వం తీసేయడం, ఒకరిని బడి నుంచి పంపేయడం, ఉత్తర్వు రాగానే సంతకం పెట్టడం, పెట్టనని చెప్పడం. ఇవి ఏ కాలంలోనైనా, ఏ దేశంలోనైనా అడగదగ్గ ప్రశ్నలు.

ఇక సామగ్రి. డోసిన్ బ్యారక్స్ పరిశోధన కేంద్రం బొమ్మల, పత్రాల నిధి ఆన్‌లైన్‌లో ఉంది. మూల పత్రాలు చూడాలంటే ముందుగా రాసి, రోజు ఖాయం చేసుకుని మెఖెలెన్‌లోని చదువుగదికి వెళ్లాలి. జర్మనీలోని ఆరోల్సెన్ ఆర్కైవ్స్‌లో కోటీ డెబ్బై లక్షలకు పైగా మనుషుల సమాచారం ఉంది, పేరుతో ఎవరైనా ఉచితంగా వెతకొచ్చు. స్కాన్ చేసిన కార్డుల్లోని పేర్లను టైపు చేసే స్వచ్ఛంద పనిలో ఎక్కడి విద్యార్థులైనా చేరొచ్చు. కంప్యూటర్ ల్యాబు పనిచేసే బళ్లలో అరగంటకు నాలుగైదు కార్డులు చేయించవచ్చు. పాఠ్యపుస్తకంలో అచ్చుకైతే అనుమతి తప్పనిసరి. ఉత్తరంలో రిఫరెన్సు సంఖ్య, పుస్తకం పేరు, భాష, ఎన్ని ప్రతులు, ఉచితంగా పంచేదా అమ్మేదా, వెబ్‌సైట్‌లో పీడీఎఫ్ పెడతారా అన్నవన్నీ ఒకేసారి రాయండి. పీడీఎఫ్ సంగతి మరిచిపోతే మళ్లీ మొదటి నుంచి అడగాల్సి వస్తుంది. జవాబుకు కొన్ని వారాలు పట్టొచ్చు, కాబట్టి అచ్చుకు పంపే తేదీ నుంచి వెనక్కి లెక్కేసుకుని మొదలుపెట్టండి. నకలు తీసేటప్పుడు జాబితా పేజీ ఏ4 సైజుకు తగ్గిస్తే అక్షరాలు చదవలేరు. సగం పేజీనే ఏ3 మీద తీయించి ఆరుగురికి ఒకటి ఇవ్వండి. అరవై మంది తరగతికి పది కాగితాలు సరిపోతాయి.

ఆఖరుగా పరీక్షలు. ‘హోలోకాస్ట్ అనగానేమి’ అని నాలుగు మార్కులకు అడిగినంతకాలం పై పాఠమంతా వృథా, ఎందుకంటే టీచరు ప్రశ్నపత్రం వైపే నడవాలి. దాని బదులు రెండు ఉత్తర్వులు, ఒక జాబితాలోని ఐదు వరుసలు ప్రశ్నపత్రంలోనే అచ్చేసి అడగండి: ఈ జాబితా తయారుకావడానికి ముందు ఏయే కార్యాలయాలు ఏయే పనులు చేసి ఉండాలి? ఐదో వరుసలో వృత్తి ఎందుకు ఖాళీగా ఉంది? ఈ జాబితా నుంచి తెలుసుకోలేని రెండు విషయాలు రాయండి. సమాచార నైపుణ్యం కింద ఇప్పటికే పట్టికలు, గ్రాఫుల మీద ప్రశ్నలు అడుగుతున్నారు, ఇదీ ఆ కోవలోనే ఇమిడిపోతుంది, కొత్త విభాగం అవసరం లేదు.

కరదీపికలు ఈసారి తిరిగి అచ్చుకు వెళ్లేలోపు రెండు రాష్ట్రాల ఎస్‌సీఈఆర్‌టీలూ ఈ మూడు పీరియడ్ల నమూనాను కొన్ని బళ్లలో నడిపి చూడాలని, పల్లె బడి ఒకటి, పట్నం బడి ఒకటి తప్పకుండా అందులో ఉండాలని కోరుతున్నాం. పత్రాల తెలుగు అనువాదం, ఫొటోల కింద రాయాల్సిన వివరాలు, అనుమతి ఉత్తరాల ముసాయిదా పారితోషికం లేకుండా చేసిపెడతాం.

ఇట్లు,
చరిత్ర బోధన, ఆర్కైవ్ పనుల్లో ఉన్న కొందరు తెలుగువారు